తెర మీద చుక్కల సాంద్రత

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవుకు దగ్గరలో ఫ్యాన్సీ మార్కెట్ ఉంది. విదేశీ సరుకులకు దశాబ్దాలుగా పేరుపడిన బజారు అది. అటువంటి చోట రెండు సెల్‌ఫోన్లు మన ముందు ఉన్నాయనుకుందాం. రెండింటి తెరా 6.5 అంగుళాలే. ఒకదానిలో చిన్న అక్షరాల వత్తులు కాస్త అలుక్కుపోయినట్లున్నాయి. రెండోదానిలో ‘క్ష్మ’ కూడా చక్కగా విడివిడిగా కనబడుతోంది. ఈ తేడాను ముందే లెక్కకట్టవచ్చా?

కట్టవచ్చు. తెర మీది బొమ్మ అంతా పిక్సెళ్లు అనే చుక్కల కూర్పు. అంగుళం పొడవులో ఎన్ని చుక్కలున్నాయో తెలిపేదే పిక్సెల్ సాంద్రత. తెర సైజు అంటే మూల నుంచి మూలకు, అనగా కర్ణం పొడవు. కాబట్టి పైథాగరస్ సిద్ధాంతం చాలు. మొదటి ఫోన్‌లో చుక్కలు నిలువున 1600, అడ్డంగా 720 అనుకోండి. వాటి వర్గాల మొత్తం 30,78,400. దాని వర్గమూలం సుమారు 1754, 6.5తో భాగిస్తే 270 వస్తుంది. రెండోది 2400, 1080 అయితే 405. అదే 1920, 1080 చుక్కల 43 అంగుళాల టీవీకి 51 మాత్రమే! అయినా దాన్ని గది అవతలి నుంచి చూస్తాం గనుక ఇబ్బంది ఉండదు. మామూలు కన్ను డిగ్రీలో 60వ వంతు కోణాన్ని విడదీసి చూడగలదు. 12 అంగుళాల దూరంలో అది అంగుళానికి దాదాపు 286 చుక్కలకు సమానం.

పెట్టె మీది అంకెలు సవరించినవి కావచ్చు. 2010లో వచ్చిన ఐఫోన్ 4 తెర 3.5 అంగుళాలు, చుక్కలు 960, 640. లెక్కిస్తే 330 వస్తుంది. కంపెనీ చెప్పింది 326. తెర నిజానికి 3.5 కంటే రవ్వంత పెద్దది, అంతే. అందుకే స్కేలు తీసుకోండి. మన మొదటి ఫోన్ తెర వెడల్పు 6.8 సెంటీమీటర్లు ఉంటే, 2.54తో భాగించగా 2.68 అంగుళాలు. 720ని దానితో భాగిస్తే 269. లెక్క కుదిరింది.

ఆండ్రాయిడ్ ఫోన్ లోపల కనిపించే 320, 480 వంటి డి.పి.ఐ. సంఖ్యను మాత్రం నమ్ముకోకండి. అక్షరాలను ఎంత పెద్దవిగా చూపాలో తేల్చడానికి పెట్టుకున్న అంకె అది, కొలత కాదు.

చుక్కల సంఖ్య మీదే అనుమానం వస్తే? ఒక్కొక్క చుక్క వెడల్పున నలుపు, తెలుపు నిలువు గీతలున్న బొమ్మను, చెప్పిన చుక్కలకు సరిగ్గా సరిపోయే కొలతలో, తెర నిండా పెట్టి భూతద్దంతో చూడండి. గీతలు విడిగా కనబడాలి. బూడిదరంగులోకి కలిసిపోతే సెట్టింగులు సరిచూసి మళ్లీ పరీక్షించండి. అప్పుడూ కలిసిపోతే, ఆ ఫోన్‌లో చెప్పినన్ని చుక్కలు ఉండకపోవచ్చు.