హైదరాబాద్ వదిలేసింది, నల్లగొండలో చదువుకుంటోంది

"అన్నా, ఇందుల గ్రాఫిక్స్ కార్డు ఉన్నదా?"

"గేములు ఆడనీకా, సదువుకోనీకా?"

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్లోనైనా, మహబూబ్‌నగర్ పాత బస్టాండు వైపైనా, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌ల దుకాణం ముందు కాసేపు నిలబడితే ఈ మాట వినపడుతుంది. అడిగేది ఎన్జీ కాలేజీలోనో ఎంవీఎస్ కాలేజీలోనో చదివే పిల్లవాడు. పక్కన పత్తి అమ్మిన పైసలు జేబులో పెట్టుకుని నాయన. ఆ ఇంటికి అది మొదటి కంప్యూటర్.

ఆ దుకాణం బల్ల మీద ఎక్కువగా కనిపించేవి థింక్‌ప్యాడ్ టీ430, డెల్ లాటిట్యూడ్ ఈ6430, హెచ్‌పీ ఎలీట్‌బుక్ 8470పీ వంటివి. 2012 నాటి సరుకు. పెద్ద ఆఫీసులు మూడు నాలుగేళ్లు వాడి పక్కన పెడితే, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల చేతులు మారి, వంద కిలోమీటర్లు దాటి ఇక్కడికి చేరతాయి. వీటిలో చాలావాటిలో బొమ్మ గీసేది ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్ 4000.

అది విడి కార్డు కాదు. 2005 నాటి జీఎంఏ 950 మదర్‌బోర్డు చిప్‌సెట్‌లో ఉండేది. 2011లో హెచ్‌డీ 3000 నుంచి గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఉన్న సిలికాన్ ముక్కలోకే వచ్చేసింది. మరుసటేడు వచ్చిన 4000లో లెక్కలు చేసే యూనిట్లు 12 నుంచి 16 అయ్యాయి, డైరెక్ట్ఎక్స్ 11 చేరింది. ఐ5-3320ఎం ప్రాసెసర్లో దీని వేగం 650 మెగాహెర్ట్జ్‌తో మొదలై 1.2 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. కాగితం మీద సెకనుకు దాదాపు 30,000 కోట్ల లెక్కలు. వినడానికి పెద్ద అంకే గానీ, ఇప్పటి గేమింగ్ ల్యాప్‌టాప్ ముందు పదో వంతు కూడా కాదు.

అసలు కిటుకు వేరే చోట ఉంది. ఈ చిప్పుకు సొంత మెమొరీ లేదు. ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది. పాలమూరు రైతుకు చెప్పాలంటే, ఒక్క బోరు కింద రెండు మడులు. ఒక ర్యామ్ స్టిక్ ఉంటే ఒకటే పైపు: డీడీఆర్3-1600 అయితే సెకనుకు 12.8 గిగాబైట్లు. అదే స్టిక్‌కు జోడు వేస్తే రెండు పైపులు, 25.6 గిగాబైట్లు. దుకాణాల్లో చాలా ల్యాప్‌టాప్‌లు ఒక్క స్టిక్‌తోనే బయటికి వెళ్తాయి. ఇంటికి తీసుకెళ్లాక "గ్రాఫిక్స్ మంచిగ లేదు" అంటారు. చిప్పు తప్పు కాదది, సగం నీళ్లతో మడి తడపమంటే ఎట్లా?

గ్రాఫిక్స్ చిప్పు ఏం చేస్తుందో ఈ నేల మీద అందరికంటే బాగా అర్థమయ్యేది ఇక్కత్ నేసేవాళ్లకేనని నాకు గట్టి నమ్మకం. పోచంపల్లి, పుట్టపాక 2016 దాకా నల్లగొండ జిల్లా ఊళ్లే, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉన్నాయి. అక్కడ డిజైన్ గ్రాఫ్ కాగితం మీద గళ్లుగా పుడుతుంది. ఏ పోగు ఎక్కడ రంగు తాగాలి, ఎక్కడ కట్టు కట్టి రంగు అంటకుండా ఆపాలి అన్నది గడి గడికీ తేల్చాలి. తెర మీద బొమ్మా అంతే. 1366 నిలువు వరుసలు, 768 అడ్డ వరుసలు, మొత్తం పది లక్షల పైచిలుకు గళ్లు. ఒక్కో గడి రంగు తేల్చి, సెకనుకు 60 సార్లు ఆ పనే మళ్లీ చేయాలి. చీర డిజైను తెర మీద గీసుకోవడానికి, పెళ్లి కార్డు, ఫ్లెక్సీ పనులకు ఈ పాత చిప్పు బాగా సరిపోతుంది.

చదువు సంగతికొస్తే జావా, పైథాన్ నేర్చుకునేవాళ్లకు గ్రాఫిక్స్‌తో పనే లేదు. 2023 మే 6న మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో, అదే ఏడాది అక్టోబర్ 2న నల్లగొండలో ఐటీ టవర్లు తెరిచారు. వాటిలో కొలువు ఆశపడే పిల్లలకు ముందు కావలసింది ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులకు మాత్రం హద్దు చెప్పాలి. ఆటోక్యాడ్ 2021కి కనీసం సెకనుకు 29 గిగాబైట్ల మెమొరీ వేగం కావాలని ఆటోడెస్క్ చెప్పింది. రెండు స్టిక్‌లు వేసినా ఈ చిప్పు దాన్ని అందుకోదు. టూడీ ప్లాన్లు గీయొచ్చు, త్రీడీలో తిప్పితే ఆగి ఆగి నడుస్తుంది. బ్లెండర్ 4.0 విండోస్‌లో దీనిమీద నడవదు, పాత వెర్షన్ వెతుక్కోవాలి.

ఆటలా? వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ హాయిగా ఆడుకోవచ్చు. 2020లో వచ్చిన వాలరెంట్ కనీస అవసరాల జాబితాలో ఈ చిప్పు పేరే ఉంది, అదీ సెకనుకు 30 ఫ్రేములకు. జీటీఏ 5 మీద ఆశ పెట్టుకోవద్దు.

యూట్యూబ్ దగ్గర చాలామంది ఇబ్బంది పడతారు. హెచ్.264 వీడియోను ఈ చిప్పు సులువుగా విప్పుతుంది గానీ, యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా పంపే వీపీ9 దీనికి రాదు. ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాను మోత మొదలవుతుంది. హెచ్.264 మాత్రమే అడిగే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే తగ్గుతుంది.

ఆ మోతకు మన ఊళ్లూ ఒక కారణమే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కలిసి పంచుకునే 35 వాట్ల వేడి బయటికి పోవాలి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల దుమ్ము ఫ్యాను రెక్కలకు పట్టి, బయట 44 డిగ్రీలు కాస్తే చిప్పు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఏటా మార్చిలో ఫ్యాను తుడిపించి, థర్మల్ పేస్టు మార్పించడం ఖర్చనుకోవద్దు.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఈ ల్యాప్‌టాప్‌లు అర్హమైనవి కావు. లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేసుకుంటే ఇంకొన్నేళ్లు పనికొస్తాయి.

కొనేముందు దుకాణంలోనే టాస్క్ మేనేజర్ తెరిపించండి. మెమొరీ పేజీలో స్లాట్లు 2లో 1 మాత్రమే నిండినట్టు కనబడితే, రెండో స్టిక్ వేయించాకే డబ్బులివ్వండి.