ఇత్తడి చిలుము - చింతపండు పులుపు

పండుగ దినములు సమీపించగానే అటకమీది ఇత్తడి బిందెలు, రాగి చెంబులు పెరటిలోనికి దిగును. నల్లబడిన పాత్రను చింతపండుతో తోమినంతనే అది పసిడివలె మెరయును. తరతరములుగా మన ఇండ్లలో నున్న యీ పద్ధతియందు ఒక చక్కని రసాయన క్రియ యిమిడియున్నది.

ఇత్తడి రాగి, తుత్తునాగముల మిశ్రలోహము. గాలిలోని ఆమ్లజని, అనగా ఆక్సిజన్, రాగితో కలిసినపుడు పాత్రమీద పలుచని రాగి ఆక్సైడు పొర యేర్పడును. పాత్ర నల్లబడుటకు ఇది ముఖ్య కారణము. తేమయు, బొగ్గుపులుసు వాయువును తోడైనచో క్రమముగా ఆకుపచ్చని చిలుము పట్టును.

ఈ పొరలు నీటిలో కరుగవు, ఆమ్లములలో కరుగును. చింతపండు గుజ్జులో తూకమున నూటికి 8 మొదలు 18 వంతుల వరకు టార్టారికామ్లము కలదు. ఆ ఆమ్లము ఆక్సైడును కరుగు లవణముగా మార్చగా, అది నీటితో కొట్టుకొనిపోయి లోపలి లోహము బయటపడును. ఉప్పు చేర్చినచో ఈ పని వేగిరపడును.

కట్టెల బూడిద పని వేరు. అందలి పొటాసియం కార్బొనేటు క్షారము. అది జిడ్డును వదలించును. కొందరు బూడిదను, చింతపండును ఒకేసారి కలిపి తోముదురు. అట్లు చేసిన క్షారము, ఆమ్లము ఒకదాని బలమును మరియొకటి చెరచును. మొదట బూడిదతో జిడ్డు వదల్చి, కడిగి, పిమ్మట చింతపండుతో తోముట మేలు. చివర పులుపు మిగులకుండ కడిగి, పొడిగుడ్డతో తుడువవలెను. తడి మిగిలినచో మరల మచ్చలు పట్టును.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పాత్రను మెరయించు ఆమ్లగుణమే పులుసులోను, నిమ్మరసములోను, మజ్జిగలోను ఉన్నది. ఇట్టి పదార్థములను కళాయి లేని ఇత్తడి లేక రాగి పాత్రలో నిలువ యుంచినచో రాగి వానిలోనికి దిగును. దానివలన వికారము, వాంతులు, కడుపునొప్పి కలుగును. త్రాగునీటిలో రాగికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 2 మిల్లీగ్రాములు మాత్రమే. పూర్వము పులుసు కాచుటకు రాచ్చిప్పను వాడుటలోని మంచి యిదియే.

ఇత్తడి పాత్రకు కళాయి రక్ష. పాత్రను కాచి, నవాసారముతో శుద్ధిచేసి, లోపల తగరమును పూయుదురు. తగరము 232 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరుగును గనుక ఈ పని సులభము. అయితే తగరములో సీసము కలిసియుండరాదు, సీసము విషము. కళాయి వేసిన లోపలి భాగమును ఇసుకతోగాని, ఇటుకపొడితోగాని రుద్దరాదు. ఎఱ్ఱని లేక పసుపుపచ్చని లోహము కనిపించిన వెంటనే మరల కళాయి వేయించవలెను.

రాగి పులుపులోనికి దిగునను విషయమును తరగతిలోనే చూపవచ్చును. చిలుము పట్టిన రాగి తీగలను ఉప్పు కలిపిన చింతపండు రసములో ఒక దినము ఉంచి, తీగలను తీసివేసి, ఆ రసములో గరుకు కాగితముతో రుద్దిన ఇనుపమేకును వేయవలెను. కొన్ని గంటలకు మేకుమీద ఎఱ్ఱని రాగిపూత కానవచ్చును. ఆ రసమును పారబోయవలెనే గాని రుచి చూడరాదు.