జీపు ఎత్తు పెరిగితే వాగు లోతు తగ్గదు

భద్రాచలం: వానాకాలం వచ్చిందంటే ఏజెన్సీ గ్రామాలకు జీపులు నడిపేవారికి రెండు బెంగలు పట్టుకుంటాయి. ఒకటి బురద, రెండోది వాగు. చర్ల, దుమ్ముగూడెం దారుల్లోనైనా, ఇప్పుడు ఆంధ్రలో ఉన్న చింతూరు, కూనవరం దారుల్లోనైనా ఈ రెండింటితోనే తంటా. ఈ రెండింటికీ ఒకే మందు ఉందని కొందరి నమ్మకం. పెద్ద టైర్లు వేయించి, లిఫ్ట్ కిట్ బిగించి బండిని నాలుగంగుళాలు ఎత్తు చేస్తే ఎక్కడికైనా పోవచ్చన్నది వారి ధీమా. ఈ ధీమాలో నిజమెంత, ప్రమాదమెంత అన్నది అప్పు చేసి కిట్ కొనేముందే చూసుకోవాలి.

పెద్ద చక్రం మనకు కొత్త కాదు

పెద్ద చక్రం విలువ ఏమిటో మన ఎడ్లబండి ఎప్పుడో చెప్పింది. చక్రం పెద్దదైతే గుంతలో పూర్తిగా కూరుకోదు, రాయిని తేలిగ్గా ఎక్కుతుంది. అయితే ఆ చక్రం సన్నగా ఉండేదన్న సంగతి మరువరాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్న విల్లీస్ జీపు టైరు వెడల్పు కూడా ఆరంగుళాలే. సన్నని టైరు పైబురదను కోసుకుని కింది గట్టినేలను అందుకుంటుంది. వెడల్పు టైరు గోదావరి ఇసుక వంటి మెత్తని నేలమీద దిగబడకుండా నిలుస్తుంది. కనుక వెడల్పు టైరు అన్నిచోట్లా మేలు చేస్తుందనుకోవడం పొరపాటు.

లెక్క చూస్తే అర అంగుళమే

215/75 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 27.7 అంగుళాలు. దాన్ని తీసి 235/75 ఆర్ 15 వేస్తే ఎత్తు 28.9 అంగుళాలు అవుతుంది. పెరిగిన ఎత్తులో సగమే ఇరుసుకు దక్కుతుంది. అంటే నేలకూ ఇరుసుకూ మధ్య పెరిగేది అర అంగుళం పైచిలుకు మాత్రమే. స్పీడు మీటరు 60 చూపుతున్నప్పుడు బండి నిజానికి 62 దాటి పోతుంటుంది. 31 అంగుళాల టైరు వేస్తే అసలు వేగం 67 అవుతుంది. చక్రం బరువెక్కితే క్లచ్చి మీదా, బేరింగుల మీదా, బ్రేకుల మీదా భారం పడుతుంది. స్టీరింగు తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డుకు ఒరుసుకోవచ్చు.

లిఫ్ట్ కిట్ సంగతి వేరు. అది కమాను పట్టీల దగ్గర బాడీని పైకి లేపుతుందే గాని ఇరుసును లేపదు. వెనుక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ ఎప్పటి ఎత్తులోనే ఉంటుంది. దారి మధ్యలోని రాయికి మొదట తగిలేది అదే. బాడీ లేచిన కొద్దీ బ్రేకు గొట్టాలు సాగుతాయి, ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరిగి దాని జాయింట్లు త్వరగా అరుగుతాయి. వాటిని కూడా సరిచేయకుండా దిమ్మలు మాత్రమే పెట్టడం సగం వైద్యం.

గడ్డిబండి పాఠం

అన్నింటికన్నా పెద్ద భయం బోల్తా. ఎత్తుగా వరిగడ్డి వేసిన బండి గట్టు ఎక్కితే ఎటు ఒరుగుతుందో రైతుకు చెప్పనక్కరలేదు. జీపు కూడా అంతే. బాడీ పైకి లేచిన కొద్దీ బరువు పైకి పోతుంది, చక్రాల మధ్య వెడల్పు మాత్రం పెరగదు. పైన మిరప బస్తాలు, వెనుక వేలాడే ప్రయాణికులు తోడైతే మారేడుమిల్లి ఘాట్ మలుపుల్లో ఆ నాలుగంగుళాలే ప్రాణాలమీదికి తెస్తాయి.

తేలే బండి

ఎత్తు చేసిన బండి వాగును జయిస్తుందన్న ధైర్యం మరీ ప్రమాదం. 4 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు, 1600 కిలోల బరువున్న జీపునే తీసుకుందాం. నీళ్లు లోపలికి చొరబడేలోగా బండి అడుగుకు పైన జానెడు లోతు వస్తే చాలు, లెక్క ప్రకారం అది తేలిపోతుంది. గాలి నిండిన పెద్ద టైర్లు తేలడానికే సాయపడతాయి. తేలిన బండికి స్టీరింగూ లేదు, బ్రేకూ లేదు. వాగు ఎటు లాగితే అటే.

గోదావరి పెరిగినప్పుడు తాలిపేరు, కిన్నెరసాని, శబరి నీళ్లు నదిలోకి పోలేక వెనక్కి ఎగదన్నుతాయి. నిశ్చలంగా కనిపించే ఆ నీటి కింద చప్టా కోసుకుపోయి ఉండవచ్చు. భద్రాచలం వద్ద నీటిమట్టం 1986లో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. జీపు యజమానికి కిట్ ధర కన్నా ఈ మూడు అంకెలు ముఖ్యం.

చట్టం ఏమంటుంది?

కంపెనీ తయారుచేసిన తీరుకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగిన తరువాత బీమా సొమ్ము దగ్గరా పేచీ రావచ్చు. ఇక అభయారణ్యంలోకి అనుమతి లేకుండా బండి నడపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమే.

మరి చేయవలసిందేమిటి? కంపెనీ పుస్తకంలో రాసిన సైజుల్లోనే, లోతైన గాళ్లున్న మంచి టైర్లు వేయించుకోవాలి. అరిగిన పట్టీలు, షాకబ్జార్బర్లు మార్చుకోవాలి. గట్టి తాడు, పార, రెండు చెక్క పలకలు బండిలో ఉంచుకోవాలి. చప్టా మీద నీరు పారుతుంటే ఆగడమే ఉత్తమం. పురిటి నొప్పులతో ఉన్న ఇల్లాలిని వాన ముదరకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చడం ఏ కిట్ కన్నా మేలు.

1965లో వంతెన వచ్చేవరకు భద్రాచలం చేరాలంటే గోదావరిలో పడవే దిక్కు. అప్పుడు ఎవరూ పడవ ఎత్తు పెంచి సరిపెట్టుకోలేదు, వంతెనే కట్టారు. చప్టాలు మునిగే పల్లెలు అడగవలసిందీ అదే. ఎత్తు పెరగవలసింది జీపు కాదు, చప్టా.