ఒక మహాసంఖ్య కథ

12 చింతగింజలను మూడేసి చొప్పున నాలుగు వరుసలుగా పేర్చవచ్చును. 13 గింజలను ఎట్లు పేర్చినను సమమైన వరుసలు కుదురవు. ఒకే బారుగా నుంచవలసినదే. ఇట్టి సంఖ్యను ప్రధానసంఖ్య యందురు.

ఒకటిని 67 మారులు రెట్టింపు చేసి, వచ్చినదానినుండి ఒకటి తీసివేసినచో 14,75,73,95,25,89,67,64,12,927 అగును. ఇది ప్రధానసంఖ్యయే యని 1644లో మెర్సెన్ అను ఫ్రెంచి సన్న్యాసి వ్రాసెను. ఆ మాట 232 ఏండ్లు నిలిచినది.

1876లో ఫ్రాన్సు దేశీయుడగు ల్యూకా అది ప్రధానసంఖ్య కాదని నిరూపించెను. కాని దానిని భాగించు సంఖ్య నొక్కదానినైనను చూపలేదు. ఇది నాకు మొదట వింతగా తోచినది. ఈ జాతి ప్రధానసంఖ్యలు తప్పక నెగ్గవలసిన పరీక్ష యొకటి కలదు. అందులో ఈ సంఖ్య నెగ్గలేదు. గాదెలో ధాన్యము తగ్గెనని కొలతవలన తెలిసినను, తీసినవాడెవడో తెలియనట్టి స్థితి యిది.

దీనిని నిశ్శేషముగా భాగించు ఏ సంఖ్యనైనను 67చే భాగించినచో ఒకటి మిగులును. ఈ నియమము వెదకువాని శ్రమను కొంత తగ్గించును. తుదకు 1903లో న్యూయార్కు నందు కోల్ అను ఆచార్యుడు రెండు సంఖ్యలను ప్రకటించెను: 19,37,07,721, 7,61,83,82,57,287. వీని లబ్ధమే మన మహాసంఖ్య.

నేను కాగితముపై గుణించి చూచితిని, సరిపోయినది. వెదకుట మహాపండితుల పని. సరిచూచుట గుణకారము వచ్చిన ప్రతివానికిని సాధ్యము. పెద్దల మాటను గౌరవింతము. లెక్కను మాత్రము మరల వేసి చూచుకొందము.