మామిడి పూతకు గంధకపు కవచం

జనవరిలో హబ్సిగూడ, తార్నాకల వైపు పెరటి మామిడి పూతను పరిశీలించండి. తెల్లటి పొడి చల్లినట్లు కనిపిస్తే అది దుమ్ము కాదు, బూడిద తెగులు! అదొక శిలీంధ్రం. దాని సిద్ధబీజాలు గాలికి ఎగిరివచ్చి పూలపై మొలకెత్తి, రసం పీలుస్తాయి. పూత, పిందె రాలిపోతాయి. జనం మంచును తిట్టుకుంటారు గాని, చల్లని రాత్రులు, గాలిలోని తేమ తెగులుకు తోడ్పడతాయంతే.

దీనికి విరుగుడు గంధకం. నీటిలో కలిసే గంధకపు పొడిని లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేస్తారు. నిజానికి అది కరగదు. సన్నని నలుసులుగా పూతకు అంటుకుని, సిద్ధబీజాలను మొలకెత్తనివ్వదు. మరి రాలిన పూతను తిరిగి తెస్తుందా? తేలేదు. అందుకే మొగ్గ దశలోనే చల్లాలి. పూలు విచ్చాక చల్లితే పుప్పొడి మోసే ఈగలకు ఇబ్బంది. ఎండ ముదిరాక చల్లితే గంధకం ఆకులనే మాడ్చేస్తుంది.