వంత నేర్పిన సేవ

ఇంటర్న్‌షిప్ అనగానే మనకు కంప్యూటర్ కంపెనీయో, బ్యాంకో గుర్తొస్తుంది. కళాబృందంలో నేర్చిన పని కూడా మనిషిని సమాజసేవ వైపు నడిపిస్తుందనడానికి షేక్ నాజర్ గారే సాక్ష్యం.

1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేదింట పుట్టిన నాజర్ గారు పొట్టకూటికి దర్జీ పని కూడా చేశారు. ప్రజానాట్యమండలిలో చేరాక ప్రజల కష్టమే ఆయన పాటకు వస్తువైంది. 1943 నాటి బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పి జనాన్ని కదిలించారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు.

బుర్రకథలో కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం చెబుతారు. రెండోవారు రాజకీయం చెబుతారు, అంటే కథ మధ్యలో నేటి సమస్యను ముందుకు తెస్తారు. ఆ చోట నిలబడే విద్యార్థి ఊరి బాధ వినడం, దాన్ని తేలిక మాటల్లో చెప్పడం, ఎదురు ప్రశ్నకు తడబడకపోవడం నేర్చుకుంటాడు. టీకాల గురించి తల్లులకు చెప్పే ఆరోగ్య కార్యకర్తకు, బడి మానిన పిల్లల ఇళ్లకు వెళ్లే సేవాసంస్థ ఉద్యోగికి కావలసిన నేర్పు ఇదే.

అయితే జీతం లేని శిక్షణకు పేదింటి పిల్లలు రాలేరు. సెలవుల్లో వాళ్లు తెచ్చే కూలి మీద ఇల్లు ఆధారపడి ఉంటుంది. గుడివాడ ప్రాంతపు పిల్లలకు బస్సు ఛార్జీ, మధ్యాహ్న భోజనం, నెలకు కొంత భృతి, నేర్పే కళాకారుడికి గౌరవ వేతనం సమకూరితే ఆ అడ్డు తొలగుతుంది. దాతలు ఫీజులు కడితే చదువు సాగుతుంది. ఈ కాస్త ఖర్చూ భరిస్తే ఆ చదువు పదిమందికి పనికొస్తుంది.