అడవియే పుట్టినిల్లు

శ్రీశైలయాత్రకు బోయిన సోదరీమణులు త్రోవ పొడవునను నల్లమల యడవిని జూచియే యుందురు. మనకది యాత్రామార్గము. అందు నివసించు చెంచులకో, అది పుట్టినిల్లు.

వారి యింటి కొట్టు ఆ యడవియే. స్త్రీలు దుంపలు త్రవ్వి తెత్తురు, ఇప్పపూవు నేరుదురు. జిగురును, తేనెయు గిరిజన సహకార సంస్థకు నమ్మి యింటికి వలయు సరుకులు గొందురు.

తేనె దీయుటలో వారి యాచార మొకటి మాకు మిక్కిలి ముచ్చట గొల్పినది. కొండచరియకు బట్టిన తేనెపట్టుకై మగవాడు త్రాటితో దిగునపుడు, పైన ఆ త్రాటిని బట్టువాడు అతని భార్యకు తోడబుట్టినవాడు. సోదరి పసుపుకుంకుమలను గోరువానికంటె నమ్మదగినవా డెవ్వడు?

అహోబల నరసింహస్వామి చెంచులక్ష్మిని వలచి పెండ్లాడెనను కథ మన మెరిగినదే. చెంచులకది కథ కాదు, చుట్టరికము. స్వామి వారి యింటి యల్లుడు. ఆ కొండను విడిచిన ఈ చుట్టరిక మెట్లు నిలుచును?

1983వ సంవత్సరమున ఈ యడవి పులుల సంరక్షణక్షేత్రమైనది. పులులను గాపాడవలసినదే. అందుకై చెంచుల గూడెములను వెలుపలికి దరలింపవలెనను మాటయు వినవచ్చుచున్నది. 2006 నాటి యటవీహక్కుల చట్టము గ్రామసభ సమ్మతి లేనిదే అట్లు తరలింపరాదనుచున్నది. భూమిహక్కు పత్రమును భార్యాభర్త లిరువురి పేర నియ్యవలెననియు విధించినది. ఆ సమ్మతి యడుగునపుడు స్త్రీల మాటయు వినవలెనని మా మనవి.

అత్తవారింటికి వచ్చునాడు మనమును కన్నీరు గార్చితిమి. అయినను పుట్టినిల్లు వెనుక నిలిచియే యున్నది, పండుగకు బోవ త్రోవ గలదు. అడవి విడిచిన చెంచుపడతికి ఆ త్రోవ యేది?